అభిమానమునకు విద్య తోడు కావలెను

మామిడితోట గల గృహస్థునకు టెంకకును అంటునకును గల భేదము వేఱుగ చెప్పవలసిన పని లేదు. మేలిజాతి రసముయొక్క టెంకను నాటినను, మొలచిన చెట్టు తల్లి గుణమును నిలుపుకొనునన్న నిశ్చయము లేదు. మొక్క వేరూనిన పిమ్మట పని తెలిసినవాడు దానికి మంచి కొమ్మను అంటు కట్టును. అప్పుడే చిన్నరసము చిన్నరసముగను, బంగినపల్లి బంగినపల్లిగను ఫలించును. నూజివీటి సీమ కీర్తి ఈ విద్యవలననే నిలిచినది.

స్థానిక చరిత్రను రక్షింపవలెనన్న కోరికకును ఈ న్యాయమే వర్తించును. అభిమానము వేరు వంటిది. అది లేనిదే ఏదియు మొలవదు. కాని దానికి విద్యను అంటు కట్టనిచో, కాచిన కాయ మనము కోరినది కాజాలదు.

నూజివీడు 2022 వఱకు కృష్ణాజిల్లాలోనిది. నేడు ఏలూరు జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే గుంటుపల్లి బౌద్ధగుహలున్నవి. శాలంకాయనులకును తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగి, నేటి పెదవేగి, ఉన్నది. నూజివీటిలో మేకావారి జమీందారీ తరతరములు సాగి, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో అంతరించినది. ఇట్టి సీమకు ఒక చిన్న చరిత్రశాల ఉండవలెననుట అత్యాశ కాదు. భవనమునకు దాత దొరకవచ్చును. గాజుబీరువాలకు చందాలు చేరవచ్చును. కాని ఆదివారమునాడు తలుపు తీసి లోపల కూర్చుండువారెవరు? వారికి ఏ పని తెలియును? అసలు ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నకు మన దేశముననే సమాధానమున్నది. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. దానికి ప్రభుత్వపు ఖజానా ఆధారము కాదు. చరిత్రోపాధ్యాయుడైన రాళ్ళబండి సుబ్బారావుగారు, న్యాయవాదియైన భావరాజు వేంకటకృష్ణారావుగారు మున్నగువారు తమ వృత్తులు నడుపుకొనుచునే తీరిక వేళలను దానికర్పించిరి. శాసనములు చదివిరి, నాణెములు సేకరించిరి, పత్రిక నడపిరి. ఆ మండలి కూర్చిన నిధియే 1967లో ప్రభుత్వ ప్రదర్శనశాలయై, నేడు రాళ్ళబండివారి పేరనే నిలిచియున్నది. హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలియు ఇట్లే పనిచేసి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. వీరందఱును సేవకులే, కాని కుర్చీలు సర్దు సేవకులు మాత్రము కారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క విద్య యుండెను.

నూజివీటి వంటి సీమకు కావలసిన విద్యలేవి? మొదటిది గొలుసుకట్టు చదువగల విద్య. పూర్వము కరణములు కలమెత్తకుండ వ్రాసిన లెక్కలు అచ్చక్షరములు మాత్రమే నేర్చినవారికి అంతుపట్టవు. 1984లో కరణీకము రద్దయినది. ఆ వ్రాత చేతనైనవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. ఫసలీ సంవత్సరమునకు 590 చేర్చిన క్రీస్తుశకము వచ్చునన్న చిన్న సంగతి తెలియనివానికి ఆ దస్తరములలోని కాలమే బోధపడదు. పుట్టి, తూము, కుంచము ఎఱుగనివానికి శిస్తు బోధపడదు. వృద్ధులైన లేఖకులయొద్ద ఇద్దఱు యువకులు ఒక్క యేడాది కూర్చుండిరేని ఈ విద్య మఱియొక తరము బ్రతుకును. లేకున్న మన భూముల చరిత్ర మన యింటి అటకమీదనే ఉండియు మనకు మూగదగును.

రెండవది ఆకులను, కాగితములను కాపాడు విద్య. నిమ్మగడ్డి నూనె తాటాకునకు మేలు చేయును. కాగితమునకు అదియే మచ్చ తెచ్చును. చిరిగిన దస్తావేజును జిగురుపట్టీతో అతికించిన ఉత్సాహవంతుడు ఆ దినమున మేలు చేసితిననుకొనును. కొన్నియేండ్లకు పట్టీ ఊడిపోవును, జిగురు కాగితమున ఇంకి పచ్చబారును. చెదపురుగు చేయు నష్టమును ఈ సేవకుడును చేసినట్లే.

మూడవది శాసనములకు ప్రతి తీయు విద్య. రాతిని నెమ్మదిగా శుభ్రపఱచి, తడి కాగితము పఱచి, కుంచెతో తట్టి, మసి అద్దిన అక్షరము తనంత తాను తేలును. ఇనుపమొనతో గీచి అక్షరములను స్పష్టము చేయబోవువాడు శాసనమును కాదు, తన యూహను చెక్కుచున్నాడు. పాతలిపులు చదువుట నేర్చి మెకంజీ సేకరణమునకు కన్నుగా నిలిచిన కావలి వేంకట బొఱ్ఱయ్య ఏలూరివాడు. ఆయన జీతమునకే పనిచేసెను. 1803లో చిన్న వయసుననే గతించెను. ఆయన విద్యను స్వదేశముకొఱకు స్వచ్ఛందముగా నేర్చువారు ఆ జిల్లాలోనే కరవగుట మనకు గౌరవము కాదు.

నాల్గవది పట్టీ వ్రాయు పని. ఇది చూచుటకు అల్పము, ఫలమునకు గొప్పది. వస్తువు ఎచట దొరకినది, ఎవరిచ్చిరి, ఏనాడు చేరినది అను మూడు సంగతులు వ్రాయబడనిచో నాణెము ఉత్త లోహపు ముక్కయగును. నువ్వుచేల వీడు నూజివీడైనదని జనులు చెప్పుకొందురు. దానిని జనశ్రుతియని వ్రాసిన తప్పు లేదు; నిర్ణయమని వ్రాసిన తప్పు. ఈ భేదమును పాటించు చేయి చరిత్రశాలకు వెన్నెముక.

చట్టమెఱిగిన న్యాయవాదియు ఒకడు కావలెను. భూమిలో దొరకిన పదిరూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. సాధారణముగా నూఱేండ్లును, విలువగల వ్రాతప్రతులైన 75 ఏండ్లును దాటినవి 1972 చట్టముచే పురావస్తువులుగా ఎంచబడును. నాగటిచాలున రాగిరేకు దొరకిన రైతు భయముచే దానిని కరగింపకుండ, ధైర్యము చెప్పి దారి చూపువాడు ఊరికి మహోపకారి.

కడపటివాడు వినువాడు. ఏ తోటలో ఏ చెట్టు ఏ యంటునుండి వచ్చినది, కలెక్టరుకాయకు ఆ పేరు ఎట్లు పట్టినదని పెద్దలు చెప్పుదురు, ఊరగాయ జాడీ ఏ మాసమున నిండెడిది అనునవి ఏ దస్తరమునను లేవు. ఇవి తోటమాలి నోటను, ముసలమ్మల నోటను ఉన్నవి. ఈ పనికి స్త్రీలే సమర్థులు. పురుషుడు అడుగనేరని ప్రశ్నలను వారు వంటింటి గడపపై కూర్చుండి అడుగగలరు.

పురావస్తుశాఖ యుండగా మనకేల యని కొందఱందురు. శాఖ కోటలను, గుహలను కాచును. ప్రతి యింటి పెట్టెను తెఱచి చూచుటకు దానికి చేతులు చాలవు. బ్రిటనులో చిన్న ప్రదర్శనశాలలనేకము స్వచ్ఛంద సేవకులచేతనే నడచుచున్నవి. అచట వచ్చినవానిని మొదట నీకేమి వచ్చునని అడుగుదురు, రానిదానిని నేర్పుదురు, పిదప పని అప్పగింతురు. మనము మాత్రము ఎవ్వరు వచ్చినను వారి చేతికి దండలు, వేదికలు అప్పగించి సేవయైనదని తృప్తిపడుచున్నాము.

కావున తోటలు గల పెద్దలకు మా విన్నపమొకటి. మీ అటకమీది పెట్టెను ఈ వేసవిలో దింపుడు. పాఱవేయకుడు, అతికింపకుడు, చదువ వచ్చినవానికి చూపుడు. పట్టణపు విద్యావంతులు మీకు వచ్చిన ఒక్క పనిని ఎంచుకొని, దానిని మీ తరువాతివానికొకనికి నేర్పుడు. తాత నాటిన చెట్టు ఫలమును మనము భుజించుచున్నాము. ఆ తాత వ్రాసిన వ్రాతను మనుమడు చదువలేకపోయిన, ఆ తోట మన చేతిలో నున్నను మన వంశము సగము తెగినట్లే.