కోత కోసే ఇంట్లోనే కొరత

మీ మడిలో నాట్లు వేసి వెళ్లిన కూలీ ఆ రాత్రి ఇంట్లో ఏం వండుకుందో ఎప్పుడైనా అడిగారా? అన్నం, పచ్చిపులుసు అంటుంది చాలాసార్లు. పగలంతా నడుం వంచిన ఒంటికి అది చాలుతుందా?

పల్లెలో మనిషికి రోజుకు 2400, పట్నంలో 2100 కేలరీల తిండి కావాలని 1979లో ప్రణాళికా సంఘం బృందం లెక్క కట్టింది. పల్లెలో ఒళ్లు వంచే పని ఎక్కువ కాబట్టి ఆ తేడా. బాగానే ఉంది గానీ, ఇది సరాసరి లెక్క. ఊళ్లో అందరూ ఒకే పని చెయ్యరు గదా! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం బరువు పని చేసే మగవాడికి 3470, ఆడమనిషికి 2720 కేలరీలు కావాలి. కూర్చుని పనిచేసే వాళ్లకు 2110, 1660 చాలు.

మరి తిండి ఎవరికి ఎక్కువ అందుతోంది? జాతీయ నమూనా సర్వే వాళ్లు ఇంటికి ప్రధాన ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో చూసి ఇళ్లను వర్గాలుగా విడదీస్తారు. సొంత సాగున్న ఇంటికంటే వ్యవసాయ కూలి ఇంట్లో తలసరి కేలరీలు తక్కువని ఆ లెక్కలు చెబుతున్నాయి. అంటే ఎక్కువ తినాల్సిన ఒళ్లే తక్కువ తింటోంది.

కారణం మీకు తెలియంది కాదు. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున చూసినా ఏడాదికి 75 కిలోల ధాన్యం బస్తాలు 14, 15 కావాలి. రైతు వాటిని గాదెలో పోసుకున్నాకే మిగతాది అమ్ముతాడు. కూలీకి గాదె లేదు. వెనకటికి కోతకూ నూర్పిడికీ కూలి గింజల్లోనే ముట్టేది. బియ్యం ధర పెరిగినా ఆ కూలి విలువ తగ్గేది కాదు. పైగా పిల్లలు పరిగె ఏరుకొచ్చేవారు. కోత మిషన్లు వచ్చాక కూలి గింజలూ పోయాయి, పరిగే పోయింది. మిషన్ వద్దనడం లేదు, అదునుకు మనుషులు దొరక్కే తెచ్చుకున్నాం. పోయిందేమిటో తెలియాలని చెబుతున్నా.

సాగు చేసే ఇళ్లన్నీ నిండుగా ఉన్నాయనీ అనుకోవద్దు. కౌలురైతు ధాన్యం సగం కళ్లంలోనే భూస్వామికీ, అప్పులాయనకూ పోతుంది. పత్తి రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పత్తి వండుకు తినలేం, బియ్యం అంగట్లో కొనాల్సిందే. లెక్కల్లో మాత్రం వీళ్లూ ‘సొంత సాగు’ కిందికే వస్తారు.

రేషన్ బియ్యం ఉన్నాయిగా అంటారేమో. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు. రోజుకు లెక్కేస్తే 580 కేలరీలకు మించవు. నాట్లేసే ఆడమనిషికి కావాల్సినదాంట్లో ఇది ఐదో వంతుకు కాస్త ఎక్కువ. మిగతాది కొనుక్కోవాలి. పని దొరకని నెలల్లో ముందు పప్పు తగ్గిస్తారు, తర్వాత నూనె, ఆ తర్వాత ఆడవాళ్ల పూట.

పట్నానికి పోతే బాగుపడతామని కొందరు పిల్లాపాపలతో బయల్దేరతారు. నెలజీతం ఇల్లు ఒకటో తారీఖున సరుకులు తెచ్చుకుంటుంది. అడ్డా మీద నిలబడే కూలీ ఆ పూట వచ్చిన డబ్బుతో అరకిలో బియ్యం, చిన్న ప్యాకెట్ నూనె కొంటాడు. చిల్లర బేరం కాబట్టి ధరా ఎక్కువే. ఇటుకలు మోసే మనిషికి పట్నం వాడన్న లెక్కన 2100 కేలరీలు చాలవు.

మన చేతుల్లో ఉన్నది కొంచెమే. గట్ల మీద కంది వేసే రైతులు కాయ కోతకు డబ్బు కూలి తగ్గించకుండా, దానికి తోడు రెండు మూడు శేర్ల కందులు కొలిచి చూడండి. కూలీ ఇంట ముందు తగ్గేది పప్పే గదా. మరుసటి ఏడు కోతకు కబురు పెట్టకముందే వస్తారు.