పడమటి గోడకు ఏ రేకు? సిమెంటుదా, ప్లాస్టిక్‌దా?

మృగశిర కార్తె దగ్గర పడిందంటే పల్లెల్లో ఇళ్ళ మరమ్మతులు మొదలవుతాయి. మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో మట్టి గోడల ఇళ్ళు, బావుల కాడ గదులు ఇప్పటికీ లేకపోలేదు. నైరుతి వానజల్లు ఎక్కువగా పడమటి వైపు నుంచి కొడుతుంది కాబట్టి ఆ వైపు గోడ ముందు నానుతుంది. నాని, ఉబ్బి, పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. వెనుకట ఈత కమ్మలతోనో తాటి కమ్మలతోనో తడిక అల్లి ఆ గోడకు అడ్డం కట్టేవారు. ఇప్పుడు కమ్మ కొట్టే మనిషి దొరకడు. తాటిచెట్లున్న భూములు చాలావరకు ప్లాట్లయినాయి. అందుకే రైతులు దుకాణానికి పోయి రేకులు తెచ్చి గోడకు బిగిస్తున్నారు.

దుకాణంలో ఒక పక్క సిమెంటు రేకులు, ఇంకో పక్క రంగురంగుల ప్లాస్టిక్ రేకులు నిలబెట్టి ఉంటాయి. ధర ఒక్కటే అడిగి ట్రాలీలో వేసుకొని రావడం చాలామందికి అలవాటు. కానీ ఈ రేకు ఇరవై ఏళ్ళు ఇంటి మనుషుల పక్కనే ఉండేది. అది దేంతో తయారైందో అడగకుండా కొనకూడదు.

సిమెంటు రేకు ఒకటి కాదు, రెండు

సిమెంటు రేకు అంటే మన ప్రాంతం వారికి కొత్త కాదు. 1946లోనే హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ ఏర్పడింది. సనత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చార్మినార్ రేకులు ఊరూరికీ చేరినాయి. గూన పెంకల ఇళ్ళు పోయి రేకుల ఇళ్ళు రావడానికి అదొక కారణం. ఆస్‌బెస్టాస్ అంటే రాతినార. గని నుంచి తీసిన ఈ నారను సిమెంటులో కలిపి రేకు చేస్తారు. అది చెదలు పట్టదు, తుప్పు పట్టదు, ధర తక్కువ. ఇవన్నీ నిజమే.

అయితే ఆ నార ఊపిరితో లోపలికి పోతే బయటికి రాదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం, క్యాన్సర్ రావడం వంటివి ఇరవై నుంచి నలభై ఏళ్ళ తర్వాత బయటపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిగా లెక్కగట్టింది. యూరప్ దేశాల్లో 2005 నుంచి నిషేధం అమలులో ఉంది. మన దేశంలో సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఇచ్చిన తీర్పులో, ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్ళ పాటు భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది. జబ్బు అంత ఆలస్యంగా బయటపడుతుంది గనుకనే అన్నేళ్ళ గడువు. ఇక్కడ ఈ రేకుల వాడకంపై నిషేధం మాత్రం లేదు. కాబట్టి దుకాణంలో అవి దొరుకుతూనే ఉన్నాయి.

రెండో రకం సిమెంటు రేకులో రాతినార ఉండదు. కాగితం గుజ్జు వంటి నార, సింథటిక్ దారాలు కలిపి సిమెంటుతో చేస్తారు. దీన్ని ఫైబర్ సిమెంటు అంటారు. అలలు తిరిగిన రేకులుగానూ, చదునైన బోర్డులుగానూ వస్తుంది. ధర కొంత ఎక్కువ.

చూడ్డానికి రెండూ ఒకే తీరు బూడిద రంగులో ఉంటాయి. కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి రేకు మీద అచ్చు చూడండి. ఐ.ఎస్. 459 అని ఉంటే అది ఆస్‌బెస్టాస్ రేకు. ఐ.ఎస్. 14871 అంటే రాతినార లేని అలల రేకు. చదును బోర్డు మీద ఐ.ఎస్. 14862 ఉంటుంది. బోర్డులో మళ్ళీ ‘ఎ’, ‘బి’ అని రెండు తరగతులున్నాయి. ఎండకూ వానకూ నేరుగా తట్టుకునేది ‘ఎ’ తరగతి. ‘బి’ తరగతి ఇంటి లోపల గోడలకు వాడేది. దాన్ని తెచ్చి బయటి గోడకు బిగిస్తే నాని పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. దుకాణదారుకు కూడా ఒక్కోసారి ఈ తేడా తెలియదు. అచ్చు చూడడం మన పని.

ప్లాస్టిక్ రేకు సంగతి

ప్లాస్టిక్ రేకు అంటే బోరు పైపులు చేసే పీవీసీయే. అమెరికాలో చెక్క ఇళ్ళకు బయటి వైపు ఇలాంటి ప్లాస్టిక్ పలకలే వరుసగా తొడుగుతారు. దాన్ని వినైల్ సైడింగ్ అంటారు. అక్కడ చదువుకోవడానికి, ఉద్యోగాలకు పోయిన మన పిల్లలు పంపే ఫొటోల్లో ఇల్లంతా చెక్క పలకలు పేర్చినట్టు కనబడేది చాలాసార్లు అదే. అది చూసి మన దగ్గర కూడా అలాంటిదే వేయాలని కొందరు ముచ్చట పడుతున్నారు. కానీ అక్కడి వారు కూడా ఆ గోడకు దగ్గరగా మాంసం కాల్చే పొయ్యి పెట్టరు. పెడితే పలక మెత్తబడి వంకర పోతుంది.

మంచి గుణాలు లేకపోలేదు. తేలికగా ఉంటుంది. పదడుగుల సిమెంటు రేకు సుమారు 40 కిలోలు తూగితే, అదే కొలత ప్లాస్టిక్ రేకు అందులో మూడో వంతు కూడా ఉండదు. ఇద్దరు మనుషులు అవలీలగా ఎక్కిస్తారు. తుప్పు రాదు, చెమ్మ పీల్చదు. యూరియా, పొటాష్ బస్తాలు పెట్టుకునే గదిలో ఇనుప రేకు తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ ప్లాస్టిక్ బాగా పనికొస్తుంది.

ఇబ్బంది వేడితో వస్తుంది. పీవీసీ దాదాపు 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల ఎండలో ముదురు రంగు రేకు బాగా కాగుతుంది, వంకర తిరుగుతుంది. తెలుపు, లేత రంగులకు ఆ బాధ తక్కువ. ఇంకొకటి, పదడుగుల ప్లాస్టిక్ రేకు తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నపు ఎండకూ నడుమ దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, మళ్ళీ కుంచించుకుంటుంది. రోజూ ఇదే తంతు. మేస్త్రీ స్క్రూను బిర్రుగా బిగిస్తే రేకు కదలడానికి చోటు లేక ఉబ్బుతుంది, లేదా రంధ్రం దగ్గర పగులుతుంది. రంధ్రం అడ్డంగా పొడుగ్గా ఉండాలి, స్క్రూ కొద్దిగా వదులుగా ఉండాలి. ‘ఊగుతున్నది, ఇంకా బిగించు’ అని పక్కన నిలబడి మేస్త్రీని తొందర పెట్టకండి.

ఏళ్ళు గడిచేకొద్దీ ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. మన దగ్గర కోతుల సంగతి చెప్పనక్కర లేదు. కొత్త ప్లాస్టిక్ రేకు వాటి గంతులకు వంగి లేస్తుంది. పాతబడినాక పగులుతుంది. సిమెంటు రేకు కొత్తదైనా ఆగదు. కోతుల మంద రోజూ దిగే ఊళ్ళో కప్పు కోసమైతే రెండింటికన్నా కాస్త మందం ఉన్న కలర్ కోటెడ్ ఇనుప రేకే నయం. గోడకు ఆ బెడద అంతగా లేదు.

అన్నిటికంటే నిప్పు పెద్ద విషయం. ఫైబర్ సిమెంటు కాలదు. పీవీసీ తనంతట తాను భగ్గున మండేది కాకపోయినా, మంటలో పడితే కరుగుతుంది. నల్లని పొగ, దానితో పాటు ఆమ్లపు వాయువు వస్తుంది. ఆ పొగ పీలిస్తే గొంతు, ఊపిరితిత్తులు మండిపోతాయి. గడ్డివాముకు దగ్గరున్న గోడకు, కట్టెల పొయ్యి ఉన్న గోడకు ప్లాస్టిక్ వద్దే వద్దు. మేడ్చల్ పారిశ్రామికవాడ పరిసరాల్లో కొందరు చిన్న రైతులు నాలుగు గదులు వేసి కూలీలకు అద్దెకు ఇస్తున్నారు. పదడుగుల గదిలోనే గ్యాస్ పొయ్యి, అక్కడే పిల్లల పడక. తలుపు ఒక్కటే. అలాంటి గదికి ప్లాస్టిక్ గోడ వేసి అద్దె తీసుకోవడం సరి కాదని ఈ విలేకరి అభిప్రాయం.

వేడి విషయంలో రేకు రకం కంటే రంగూ గాలీ ముఖ్యం. గోడకూ రేకుకూ మధ్య అంగుళం ఖాళీ ఉండి, కింద పైన గాలి ఆడితే లోపలి గోడ అంతగా కాగదు. బయట తెల్ల సున్నం కొడితే ఇంకా మేలు. కప్పులకు తెల్లని పూత వేయించాలని తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. చిన్న ఇళ్ళకు అది తప్పనిసరి కాదు గానీ, వేసుకుంటే లాభం మనకే.

బిగించే పద్ధతి

మట్టి గోడకు రేకును ఆనించి కొట్టకూడదు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ లోలోపలే నానుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, ఒక వానాకాలం రాత్రి కూలుతుంది. ముందు నిలువుగా పట్టీలు బిగించి, వాటి మీద రేకు వేయాలి. రేకు అడుగు భూమికి ఆరంగుళాల పైన ఉండాలి. లేకుంటే వాన చిందుకు నానుతుంది, పట్టీలకు చెదలు పడతాయి. కింది ఖాళీకి సన్నటి ఇనుప జాలీ కొట్టడం మరువకండి. జాలీ లేకపోతే ఆ సందు ఎలుకలకు ఇల్లు. ఎలుకల వెనకాలే పాము వస్తుంది.

పై రేకు కింది రేకు మీదికి ఆరంగుళాలు రావాలి. పక్క అతుకులు గాలికి ఎదురుగా తెరుచుకొని ఉండకూడదు. గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి ఉత్తర, దక్షిణ గోడలకూ కప్పుకూ తూర్పు చివర నుంచి మొదలుపెట్టి పడమటికి రావాలి. అప్పుడు పడమటి రేకు అంచు తూర్పు రేకు మీద కూర్చుంటుంది, ఈదురు గాలి లోపలికి దూరి రేకును లేపదు. సిమెంటు రేకుకు రంధ్రం ఎప్పుడూ అల పైభాగంలోనే వేయాలి. పల్లంలో వేస్తే నీరు కారుతుంది. సుత్తీ మేకుతో కొట్టకుండా డ్రిల్లుతో వేయించండి. కప్పుకైతే 6 మిల్లీమీటర్ల సిమెంటు రేకుకు అడ్డ పైపుల నడుమ దూరం 1.4 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు మించకూడదు. ప్లాస్టిక్‌కు ఇంకా దగ్గర దగ్గరగా పైపులు కావాలి. రేకు చవకగా వచ్చిందనుకున్న డబ్బు అక్కడ పోతుంది. ధర పోల్చేటప్పుడు రేకు, పైపు, హుక్కులు, ట్రాలీ, కూలీ అన్నీ కలిపి చదరపు అడుగుకు ఎంత పడుతుందో లెక్క వేయండి.

రేకు కోయడం దగ్గరే ఎక్కువ మంది మోసపోతారు. మేస్త్రీ కటింగ్ మిషన్ పెట్టగానే తెల్లటి దుమ్ము ఇల్లంతా కమ్ముతుంది. ఆస్‌బెస్టాస్ రేకైతే అందులో నార ఉంటుంది. రాతినార లేని ఫైబర్ సిమెంటులోనూ ఇసుక దుమ్ము, అంటే సిలికా ఉంటుంది. అదీ ఊపిరితిత్తులకు చేటే. బోర్డును గీతపట్టి గీసి విరవవచ్చు. అలల రేకును నీళ్ళు పోస్తూ చేతి రంపంతో కోయవచ్చు. ఇంటికి దూరంగా, గాలి వాలు చూసుకొని కోయాలి. పిల్లలను అటు రానివ్వకండి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఈ సన్నని దుమ్ము ఆగదు. ఎన్-95 మాస్కు కావాలి. దుమ్మును పొరకతో పొడిగా ఊడ్వకుండా తడిగుడ్డతో తీయాలి.

గొడ్ల కొట్టానికి గోడ రేకు అవసరం లేదు. నాలుగు పక్కలా మూస్తే మూత్రపు ఘాటు లోపలే నిలిచి పశువులకు కళ్ళు మండుతాయి, ఎండకాలం పాలు తగ్గుతాయి. పడమటి వైపు నడుం ఎత్తు వరకు అడ్డం ఉంటే చాలు. దానికి షాబాదు బండలు నిలబెట్టినా సరిపోతుంది. కోళ్ళ ఫారానికి పక్కల జాలీ, వానకు దించే పరదాలు ఉండనే ఉన్నాయి.

మరి ఏది కొనాలి? మనుషులు పడుకునే ఇంటికి రాతినార లేని ఫైబర్ సిమెంటే మంచిది. పొయ్యికి, గడ్డివాముకు దూరంగా ఉన్న మోటారు గదికి, ఎరువుల గదికి ప్లాస్టిక్ వేసుకోవచ్చు. ఆస్‌బెస్టాస్ రేకును కొత్తగా కొనే అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. చేతిలో డబ్బు తక్కువుంటే గోడకు రేకు మాట మరిచి, ముందు పడమటి వైపు చూరును రెండడుగులు బయటికి పెంచండి. చూరు చాలినంత ఉంటే మామూలు జల్లు గోడను తాకదు. మిగిలిన దానికి సున్నపు పూత, లేదంటే కంది కట్టె తడికకు పేడమట్టి మెత్తినా రెండు వానాకాలాలు గట్టిగా నిలుస్తుంది.

పాత రేకులు విప్పేటప్పుడు

కొత్తది వేస్తూ పాత రేకులు తీసేవారికి ఒక మాట. ఇరవై ముప్పై ఏళ్ళ కిందటి సిమెంటు రేకు అయితే అది ఆస్‌బెస్టాస్ అనే అనుకోవాలి. దాని మీద నేరుగా కాలు పెట్టకండి. పాతబడిన రేకు మనిషి బరువుకు చెప్పకుండా విరుగుతుంది. కింద పైపుల మీద ఆనేలా పొడవాటి చెక్క వేసి, దాని మీదే నడవాలి. విప్పే ముందు నీళ్ళు చల్లాలి. హుక్కులు కోసి రేకును ముక్కలు కాకుండా ఇద్దరు పట్టుకొని దించాలి, పైనుంచి విసరకూడదు.

పగిలిన ముక్కలను బండి బాటలో గుంతలకు పోయడం చాలా ఊళ్ళలో కనబడుతుంది. ట్రాక్టరు టైర్ల కింద అవి పిండి అయ్యి, ఎండకాలం ఆ దుమ్మే లేస్తుంది. ముక్కలను తడిపి, మందపాటి ప్లాస్టిక్ పట్టలో చుట్టి, దున్నని చోట, బావికి దూరంగా లోతైన గుంతలో పూడ్చి, ఆ చోటు ఇంట్లో వారందరికీ చూపించి పెట్టండి.