వెడ్డింగ్ రిజిస్ట్రీలో ఏ ప్లేట్లు పెట్టాలి?

అమెరికాలో పెళ్లి రిజిస్ట్రీ పెడుతున్నవాళ్ల కోసం ఈ ఎపిసోడ్.

ఫైన్ చైనాలో రెండు రకాలు: పోర్సలిన్, బోన్ చైనా. బోన్ చైనా అంటే పేరులోనే ఉంది, మంచి రకంలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదే. పల్చగా ఉన్నా గట్టిది. కానీ ఇంట్లో శాకాహారులుంటే ముందే అడగండి. పెళ్లయ్యాక అత్తగారు ఆ ప్లేటులో తిననంటే అందరికీ ఇబ్బంది. పోర్సలిన్‌లో ఎముక ఉండదు, నేనైతే అదే పెడతాను. బంగారు అంచువి మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, నిప్పురవ్వలు వస్తాయి.

రోజువారీకి స్టోన్‌వేర్ బరువు. 1970లో వచ్చిన కొరెల్ మూడు పొరల గాజు, తేలిక. పప్పన్నం, రసం కలుపుకోవాలంటే అంచు లేచిన ప్లేట్లు చూడండి. విడిగా కూడా అమ్మే డిజైనే ఎంచుకోండి, ఒకటి పగిలితే ఒక్కటే కొనుక్కోవచ్చు.

మీరేం పెట్టారో కామెంట్లో చెప్పండి.