రాతికోట, మట్టికోట

వనపర్తి జిల్లా పానగల్లులో కొండ మీద రాతికోట. కృష్ణ అవతల గద్వాలలో మట్టికోట. ఈ తేడాకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఫిరంగి.

ఫిరంగులు రాకముందు కొండే సగం కోట. శత్రువు ఏనుగునైనా, నిచ్చెననైనా పైకి చేర్చాలి. పైనున్నవాళ్లకు రాళ్లు దొర్లిస్తే చాలు. కాకతీయుల సామంతుడు గోన గణపరెడ్డి 13వ శతాబ్దంలో ఖిల్లా ఘనపురంలో కొండల మీదే కోట కట్టించాడు. దాదాపు ఆ కాలంలోనే, 1283లో, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను అణచడానికి హార్లెక్ కోటను సముద్రం ఒడ్డున కొండరాతి మీద మొదలుపెట్టాడు. ఇద్దరి ఆలోచనా ఒకటే: ఎత్తును పట్టుకోవడం. పానగల్లులో దానికి ఏడు వరుసల ప్రాకారాలు తోడయ్యాయి. ఒక గోడ పడినా దాని వెనక మరొకటి ఉంటుంది. అన్నిటికీ నడుమ, చివరి ఆసరాగా, బాలాహిసార్ అనే లోపలికోట.

తర్వాత ఫిరంగులు బలపడ్డాయి. ఇనుప గుండు తగిలితే రాతిగోడ బీటలిస్తుంది. పగిలిన రాతిముక్కలు ఎగిరి లోపలివాళ్లనే గాయపరుస్తాయి. మందమైన మట్టిగోడ మాత్రం గుండును తనలోకి మింగేస్తుంది. 18వ శతాబ్దం తొలినాళ్లలో సంస్థానాధీశుడు పెద్ద సోమభూపాలుడు, అంటే జనం పిలుచుకునే సోమనాద్రి, పూడూరు నుంచి రాజధానిని మార్చి గద్వాల కోట కట్టించాడు. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు నదులే పెద్ద కాపలా. ఊరున్నది మైదానం, అక్కడ ఎత్తైన మట్టిగోడ, బురుజులు, కందకం మిగతా పని చేశాయి. కందకం తవ్విన మట్టే గోడకు పనికొస్తుంది కనుక దూరం నుంచి రాయి తోలే అవసరమూ తగ్గుతుంది.

గద్వాల కోటలో జీవితం ఆగిపోలేదు. చెన్నకేశవస్వామి గుడిలో పూజలు సాగుతున్నాయి. సంస్థానాన్ని చివరగా పాలించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల కోటలోనే నడుస్తోంది.

అయితే గుండును తట్టుకునే మట్టి వానకు కరుగుతుంది. మొలిచిన చెట్టు వేరు దాన్ని చీలుస్తుంది. రాతికోటను కొన్నాళ్లు పట్టించుకోకపోయినా నిలుస్తుంది. మట్టికోటకు ఏటా మరమ్మతు కావాలి. అందుకే కోటల రక్షణకు డబ్బు కేటాయించేటప్పుడు మొదటి వంతు గద్వాలకు దక్కాలి.