ఇంటి రౌటరు – దస్తావేజుల నకళ్లు

వైర్‌లెస్ రౌటరు ఇంటర్నెట్టును పంచు పెట్టె మాత్రమే యని పెక్కురు తలంతురు. కొన్నిటికి వెనుక యు.ఎస్.బి. రంధ్రము గలదు. అందు హార్డుడిస్కును తగిల్చి, రౌటరు సెట్టింగులలో పంచుకొను సదుపాయమును తెఱచి, పాస్‌వర్డు నేర్పఱచినచో, ఇంటనున్న ఫోనులు, కంప్యూటర్లు తీగ లేకయే అందు దాచుకొనవచ్చును. 2008లో ఆపిల్ సంస్థ డిస్కును రౌటరులోనే యిమిడ్చి టైమ్ క్యాప్స్యూల్ అను పేర విక్రయించెను, 2018లో విరమించెను.

నేను మా తండ్రిగారి దస్తావేజుల నకళ్లను అట్టి డిస్కున నుంచి, ఫోనులోనివి తుడిచివైచితిని. ఒక వేసవిలో డిస్కు చెడెను, నకళ్లన్నియు పోయెను. అసలు కాగితములు ఇనుపపెట్టెలో నుండబట్టి సరిపోయినది. పంచుకొనుట వేఱు, బ్యాకప్పు వేఱు అని అప్పుడు గదా తెలిసినది! ఇప్పుడు నెలకొకమాఱు రెండవ డిస్కునకు నకలు తీసి, దానిని ఊడదీసి, పిడుగుపాటునకు రెండును ఒకేమాఱు పోకుండునట్లు, మా చెల్లెలి యింట నుంచుచున్నాను.