ఇటు తాళంచెవి... అటు అడ్వాన్సు!

ఇల్లు దొరకడం ఒక ఎత్తు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు చేతికి రావడం మరో ఎత్తు! గోదావరిఖని మార్కండేయ కాలనీ కావచ్చు, యైటింక్లయిన్ కాలనీ చుట్టుపక్కల కావచ్చు, జ్యోతినగర్ కావచ్చు... సామానంతా ట్రాలీ ఆటోలోకి ఎక్కించాక వినిపించే మాటలు ఇంచుమించు ఒకటే.

'కాకా, మా అడ్వాన్సు పైసలు..?'

'ఇప్పుడైతే లేవు బిడ్డా. కొత్తోళ్లు దిగినంక ఇస్త.'

ఆ 'దిగినంక' ఒక్కోసారి నెలవుతుంది. ఒక్కోసారి ఆర్నెల్లవుతుంది. ఈలోగా కొత్త ఇంటి యజమానికి అడ్వాన్సు కట్టాల్సిందే. పాతది రాదు, కొత్తది ఆగదు. మధ్యలో మిగిలేది అప్పు.

ఇద్దరూ ఉన్నవాళ్లు కాదు

బొగ్గు గనుల ప్రాంతంలో ఈ తగవుకు ఓ ప్రత్యేకత ఉంది. సింగరేణి పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ క్వార్టరుంటుంది. గనుల్లో, ఎన్టీపీసీలో కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్లలో చాలామందికి అద్దె ఇల్లే దిక్కు. 1999లో ఎఫ్‌సీఐ మూతపడిన చోటే ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ పనికొచ్చే కాంట్రాక్టు కార్మికుల పరిస్థితీ అంతే. కాంట్రాక్టు మారితే పనిచోటు మారుతుంది, దాంతోపాటే ఇల్లూ మారుతుంది. మారిన ప్రతిసారీ అడ్వాన్సు బెంగే.

అటువైపు చూస్తే, ఇంటి యజమానుల్లో విశ్రాంత కార్మికులు తక్కువేం కాదు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బులు పోసి రెండు పోర్షన్లు కట్టుకున్నవాళ్లు. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం కింద వచ్చే మొత్తం చాలడం లేదని, పెంచాలని వాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. అద్దే వాళ్లకు ఆసరా. చేతికొచ్చిన అడ్వాన్సు ఆస్పత్రికో, బిడ్డ పెళ్లికో ఖర్చయిపోతుంది. ఇవ్వాలని ఉన్నా ఇచ్చేందుకు ఉండదు.

చిక్కంతా ఇక్కడే! అడ్వాన్సు యజమాని ఆదాయం కాదు. దాచమని ఇచ్చిన పరాయి సొమ్ము. ఆ ఒక్క మాట గుర్తుంటే సగం గొడవలు పుట్టవు.

చట్టం ఏమంటోంది?

తెలంగాణలో అద్దె ఇళ్లకు ఆధారం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. దాని ఏడో సెక్షన్ ప్రకారం యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. తీసుకున్న ప్రతి పైసాకూ రసీదు అడిగే హక్కు అద్దెదారుకు ఉంది. అయితే ఈ చట్టం అన్ని ఇళ్లకూ వర్తించదు. కట్టి పదిహేనేళ్లు నిండని ఇళ్లనూ, అద్దె నిర్ణీత పరిమితి దాటినవాటినీ 2005లో చేసిన సవరణ మినహాయించింది. అలాంటి ఇళ్లకు రాసుకున్న ఒప్పందమే కీలకం.

ఈ సెక్షన్‌కు ఉన్న బలమేంటో గూడూరులోని ఓ హోటలు కేసు చెబుతుంది. అద్దె బకాయి పడ్డారు కాబట్టి ఖాళీ చేయించాలన్నది భవన యజమాని వాదన. కానీ నెల అద్దెకు మించిన అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంది. అంత డబ్బు చేతిలో పెట్టుకుని అద్దెదారు ఎగవేశాడనడం కుదరదని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరో అడుగు ముందుకేసింది. నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. రావాల్సిన బాకీలు మినహాయించుకుని, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే మిగతాది ఇచ్చేయాలి. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకొస్తుంది. కానీ ఆ పద్ధతిని ఒప్పందంలో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బొగ్గు దుమ్ము ఎవరి ఖాతా?

'గోడలన్నీ నల్లగైనయి. సున్నం ఖర్చు పట్టుకుంట'... ఇదీ తరచూ వినిపించేదే. ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, నిజమే. కానీ వాడకంలో సహజంగా జరిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతోంది. కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము వచ్చే ఊళ్లో రెండేళ్లకు గోడ మాసిపోతే అది సహజమే. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగులకు గోడ బీటలిస్తే అందులో కాపురమున్నవాళ్ల తప్పేముంది? అదే, వాష్‌బేసిన్ పగిలినా, తలుపు గడియ ఊడగొట్టినా, కరెంటు బిల్లు ఎగ్గొట్టినా కోత న్యాయమే.

లెక్క ఎలా ఉండాలి? అడ్వాన్సు 8,000 అనుకుందాం. ఆఖరి కరెంటు బిల్లు 640, పగిలిన బేసినుకు 900. మొత్తం 1,540. తిరిగివ్వాల్సింది 6,460. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసి, బిల్లులు జతచేసి ఇస్తే తగవుకు తావే ఉండదు. 'అన్నీ పోను ఇంతే' అన్నచోటే అనుమానం మొదలవుతుంది.

యజమానులూ... ఇలా చేయండి!

* అడ్వాన్సును వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. ఇంటి ఖర్చుల్లో కలపొద్దు.

* ఎంత తీసుకున్నారు, దేనికి కోత పెడతారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు... ఒప్పందంలో రాయండి.

* దిగే రోజు, ఖాళీ చేసే రోజు ఇద్దరూ కలిసి ఇల్లంతా చూడండి. ఫ్యాన్లు, బల్బులు, నల్లాలు లెక్కపెట్టి ఫొటోలు తీసుకోండి. కరెంటు మీటరు రీడింగూ రాసుకోండి.

* ఇల్లు అమ్ముతున్నారా? అడ్వాన్సు బాధ్యత ఎవరిదో కొనేవారితో కాగితం రాయించుకుని, అద్దెదారుకూ చెప్పండి.

అద్దెదారులకూ బాధ్యత ఉంది. నెలనెలా లెక్కన ఉంటున్నవాళ్లు ఖాళీ చేసేముందు చట్టప్రకారం కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నెల ముందే చెబితే యజమానికి కొత్తవాళ్లను చూసుకునే వీలుంటుంది. 'ఆఖరి నెల కిరాయి అడ్వాన్సులో పట్టుకోండి' అని చివర్లో చెప్పడం కాదు, ముందే మాట్లాడుకోవాలి. డబ్బులు ఇచ్చినా పుచ్చుకున్నా బ్యాంకు ద్వారా అయితే అదే సాక్ష్యం.

ఇవ్వకపోతే..?

ముందు రాతపూర్వకంగా అడగాలి. స్పీడ్ పోస్టులో పంపితే రుజువుంటుంది. దారికి రాకపోతే లోక్ అదాలత్ ఉంది. గోదావరిఖనిలో కోర్టులున్నాయి కాబట్టి దూరం పోవాల్సిన పనిలేదు. దావా వేయకముందే న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అదీ కాకపోతే సివిల్ దావా. దానికి గడువు మూడేళ్లే. 'ఇస్తాలే' అన్న మాట నమ్మి ఏళ్లు గడిపితే హక్కు చేజారుతుంది.

క్వార్టరుకు అడ్వాన్సా?

సింగరేణి క్వార్టరు కంపెనీ ఆస్తి. ఉద్యోగి ఉండటానికి కేటాయించింది. అది చూపించి ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కంపెనీ ఖాళీ చేయిస్తే నీడా పోతుంది, ఇచ్చిన డబ్బుకు కాగితమూ ఉండదు.

చిన్న ఊళ్లో కబురు తొందరగా పాకుతుంది. 'ఆ ఇంట్ల అడ్వాన్సు అడిగిన రోజే ఇస్తరు' అన్న పేరొస్తే టులెట్ బోర్డు ఎక్కువ రోజులు వేలాడాల్సిన పనుండదు. యజమానికి అంతకు మించిన లాభం ఏముంటుంది!