కాకతీయ వంశక్రమం

కాకతీయ వంశక్రమం అనగా ఓరుగల్లు రాజధానిగా తెలుగు దేశాన్ని పాలించిన కాకతీయుల పూర్వీకుల, వారసుల తరాల వరుస. ఈ వరుసను ఏ ఒక్క గ్రంథమూ పూర్తిగా చెప్పదు. వేరువేరు కాలాలలో, వేరువేరు అవసరాలకు వేయించిన శాసనాలను పోల్చి చూసి చరిత్రకారులు దీనిని కూర్చారు. పి.వి.పరబ్రహ్మశాస్త్రి కృషి ఇందులో ముఖ్యమైనది. ఆయన ఆంగ్లంలో రచించిన కాకతీయ చరిత్ర 1978లో వెలువడింది. ఈ కూర్పుకు వెన్నెముక వంటి శాసనం ఖమ్మం అడవి అంచున ఉన్న బయ్యారంలో లభించింది. బయ్యారం 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో మహబూబాబాదు జిల్లాలో చేరింది.

బయ్యారం చెరువు శాసనం

గణపతిదేవుని సోదరి మైలాంబ (మైలమ) ధర్మకీర్తిసముద్రం అనే చెరువును త్రవ్వించి, ఆ సందర్భంగా వేయించిన శాసనమిది. 13వ శతాబ్దపు తొలి భాగానికి చెందినది. చెరువు త్రవ్వించిన పుణ్యాన్ని చెప్పుకొనేటప్పుడు తన పుట్టింటి వారి పేర్లను మొదటి నుండి వరుసగా చెప్పించడం వల్ల, మరే ఇతర కాకతీయ శాసనంలోనూ కనబడని ప్రాచీన తరాలు ఇందులో నిలిచాయి.

ఈ శాసనం ప్రకారం దుర్జయుని వంశంలో వెన్నరాజు పుట్టాడు. అతడు కాకతి అనే చోట నివసించినందున అతని సంతతి వారికి కాకతీశులన్న పేరు కలిగింది. అతని తరువాత గుండ అనే పేరుగల వారు ముగ్గురు. వారిని శాసనకవి ముగ్గురు రాములతో, అనగా పరశురామ, దశరథరామ, బలరాములతో పోల్చాడు. తరువాత ఎర్ర, పిండిగుండ (నాలుగవ గుండ), మొదటి బేతరాజు, మొదటి ప్రోలుడు, రెండవ బేతరాజు, రెండవ ప్రోలుడు. రెండవ ప్రోలుని కుమారులు రుద్రదేవుడు, మహాదేవుడు. మహాదేవుని సంతానం గణపతిదేవుడు, మైలాంబ.

పేర్లు తిరిగి తిరిగి రావడం పాఠకులు గమనించే ఉంటారు. తాత పేరు మనుమనికి పెట్టడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్న ఆచారమే. బేత, ప్రోల, బేత, ప్రోల అన్న క్రమం దానినే చూపుతుంది. వంశక్రమం కట్టేవారికి ఈ ఆచారం ఎంత సాయమో అంత ప్రమాదం కూడా. ఒక శాసనంలో బేతరాజు అన్న పేరు కనబడినంత మాత్రాన అతడు ఏ బేతరాజో తేలదు. బిరుదు, తేదీ, సార్వభౌముని పేరు మూడూ కలిసినప్పుడే నిర్ణయించాలి. ఖమ్మం సమీపంలోని ముదిగొండ పేరుతో ప్రసిద్ధులైన ముదిగొండ చాళుక్యులలో కుసుమాయుధుడన్న పేరు పలుమార్లు రావడం కూడా ఇటువంటిదే.

మాంగల్లు శాసనంతో పోలిక

ఒక కుటుంబం తన గురించి తాను చెప్పుకొన్న మాటను ఇంకొకరి మాటతో సరిచూడాలి. ఆ అవకాశం మాంగల్లు శాసనం కల్పించింది. క్రీ.శ. 956లో వేంగీ చాళుక్య వంశీయుడైన దానార్ణవుడు కాకర్త్య గుండ్యన కోరికపై ఇచ్చిన దానశాసనం ఇది. అనగా బయ్యారం శాసనం కంటె దాదాపు 250 సంవత్సరాలు పాతది. ఇందులో గుండ్యన పూర్వీకులుగా గుండియ రాష్ట్రకూటుడు, ఎరియ రాష్ట్రకూటుడు, బేతియ కనబడతారు. బేతియ భార్య వంద్యనాంబ.

గుండియ, ఎరియ, గుండ్యన అనే పేర్లు బయ్యారంలోని మూడవ గుండ, ఎర్ర, పిండిగుండలతో అదే వరుసలో సరిపోతున్నాయి. రెండు శాసనాలూ ఒకే కుటుంబాన్ని చెబుతున్నాయనడానికి ఇదే ఆధారం. తేడా ఒక్కటే, బయ్యారం జాబితాలో బేతియ లేడు. అతడు అధికారానికి రాకుండానే మరణించి ఉండవచ్చు. దానాలు చేసినవారు పాలించిన వారి పేర్లనే తలచుకోవడం సహజం. ఇక రాష్ట్రకూట శబ్దం వల్ల ఈ కుటుంబం మొదట వేంగీ చాళుక్యుల కొలువులో కాక రాష్ట్రకూటుల సేనానులుగా ఉండేదన్న అభిప్రాయం బలపడింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. గుండ్యన కాలం 956. రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి శాసనం వేయించింది 1163లో. ఈ 207 ఏళ్ళకు మధ్య తరాలు ఐదు మాత్రమే, అంటే తరానికి 41 ఏళ్ళు. సాధారణంగా తరానికి పాతిక, ముప్పై ఏళ్ళు లెక్కిస్తారు. ఎక్కడైనా ఒక తరం జారిపోయిందా అన్న సందేహం న్యాయమైనదే. దీనికి కొంత సమాధానం గూడూరు శాసనంలో దొరుకుతుంది. విరియాల ఎర్రభూపతి భార్య కామసాని పూనికతోనే, దిక్కులేని స్థితిలో ఉన్న బేతరాజు తిరిగి నిలదొక్కుకొని కాకతి వంశం నిలిచిందని ఆ శాసనం కొనియాడుతుంది. మొదటి బేతరాజు పసివాడుగా ఉండగానే పెద్దదిక్కు పోయిందనుకొంటే ఈ అంతరం కొంతవరకు అర్థమవుతుంది. పైగా బేతరాజు తరువాతి వారికి వారి కాలపు శాసనాలే ఉన్నాయి. ఉదాహరణకు, రెండవ బేతరాజుకు, రెండవ ప్రోలునికి నడుమ ప్రోలుని అన్న దుర్గరాజు కొద్దికాలం పాలించిన సంగతి కాజీపేట దర్గా శాసనం వల్ల తెలుస్తున్నది. తండ్రి, కొడుకు వరుసను మాత్రమే చూస్తే ఇటువంటివారు మాయమవుతారు.

కులగౌరవం కొరకు చేర్చిన తరాలు

రాజ్యం పెరిగిన కొద్దీ పూర్వీకులు కూడా పెరుగుతారు. గణపతిదేవుని మోటుపల్లి శాసనం కాకతీయులను సూర్యవంశానికి, శ్రీరాముని కుదురుకు చేర్చింది. రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుని మల్కాపురం శాసనం (1261) కూడా సూర్యవంశమనే అంటుంది. అదే గణపతిదేవుని సేనాని మల్యాల గుండ కుటుంబం వారి బూదపూరు, వడ్డమాను శాసనాలలో కాకతీయులు చతుర్థ వర్ణులని స్పష్టంగా ఉన్నది. అధిక సంఖ్యాకమైన శాసనాలు అసలు వర్ణం ప్రసక్తే ఎత్తవు. ఓరుగల్లు పతనం తరువాత వచ్చిన సిద్ధేశ్వర చరిత్ర, ప్రతాపరుద్ర చరిత్ర వంటివి మాధవవర్మ కథను, దేవతా వరాలను చేర్చాయి. జనం నమ్మకాలను తెలుసుకోవడానికి ఇవి పనికివస్తాయి గాని తరాలు లెక్కించడానికి పనికిరావు.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన జాడ్యం కాదు. ఇంగ్లండులో 1530 నుండి 1688 వరకు రాజ ముద్రాధికారులు జిల్లాలు తిరిగి కులీన కుటుంబాల వంశావళులను నమోదు చేశారు. అందులో నార్మన్ విజయకాలపు వీరులను పూర్వీకులుగా అతికించుకొన్నవారు ఎందరో. జాన్ హొరేస్ రౌండ్ (1854-1928) అటువంటి కల్పనలను ఖండించి పేరు పొందాడు. అక్కడ ఎక్కువగా నమ్మదగినవి, రాజు నుండి భూమి పొందిన వ్యక్తి మరణించినప్పుడు అధికారులు జరిపిన విచారణ పత్రాలు. వాటిలో భూమి వివరం, వారసుని పేరు, వయసు ఉంటాయి. మన దానశాసనాలు ఆ కోవలోనివే. భూమి చేతులు మారిన చోట అబద్ధానికి తావు తక్కువ.

రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు

వంశక్రమంలో అందరినీ తికమక పెట్టినది రుద్రమదేవి స్థానం. ఆమెను మరణించిన రాజు భార్యగా విదేశీ యాత్రికుడు మార్కోపోలో వ్రాశాడు. ఆ మాట పట్టుకొని ఆమె గణపతిదేవుని భార్య అని కొందరు భావించారు. మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగానే చెబుతున్నది. శాసనాలలో ఆమెకు రుద్రదేవ మహారాజు అన్న పురుషనామం ఉండడం మరో చిక్కు. గణపతిదేవుని పెదతండ్రి పేరూ రుద్రదేవుడే కనుక తేదీ చూడనివారు పొరబడతారు. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడైన వీరభద్రుడు. సోదరి గణపాంబ కోట వంశపు బేతరాజును వివాహమాడింది. గుంటూరు ప్రాంతపు యనమదల శాసనంలో గణపాంబ అత్తింటి వంశంతో పాటు పుట్టింటి వంశాన్ని కూడా చెప్పించింది.

రుద్రమదేవికి కుమారులు లేరు. కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు తరువాత రాజయ్యాడు. నల్గొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వల్ల ఆమె 1289లో మరణించినట్లు తెలిసింది. మైలాంబ, కామసాని, గణపాంబల ప్రసక్తి ఉన్న శాసనాలను తీసివేస్తే ఈ వంశవృక్షంలో ఎన్ని కొమ్మలు మిగులుతాయో పాఠకులే ఊహించవచ్చు.

అడవిలో వంశజ్ఞానం

భద్రాచలం అడవులలో వంశజ్ఞానం రాతిమీద కాక గుడ్డమీద, గొంతులో నిలిచింది. కోయలు మూడవ గట్టు నుండి ఏడవ గట్టు వరకు గట్లుగా ఏర్పడి ఉంటారు. ఒకే గట్టువారు సోదరులు కనుక వారి మధ్య పెళ్ళి కుదరదు. ఈ గట్ల పుట్టుపూర్వోత్తరాలను డోలివారు కొలుపుల సమయంలో, బొమ్మలు కుట్టిన పడిగె అనే త్రికోణాకారపు గుడ్డను చూపుతూ పాడతారు. ఇందులో తేదీలు ఉండవు. అయితే ఎవరు ఎవరికి వరుస అవుతారన్నది తప్పితే పెళ్ళే ఆగిపోతుంది కనుక, ఆ విషయంలో వీరి జ్ఞాపకం చాలా కట్టుదిట్టంగా ఉంటుంది.

బస్తరు శాఖ

భద్రాచలానికి ఉత్తరాన అడవి దాటితే బస్తరు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్ళి అక్కడ రాజ్యం స్థాపించాడని బస్తరు రాజకుటుంబం చెప్పుకొనేది. దీనికి మూలం దంతెవాడలో దిక్పాలదేవుని కాలంలో, 1703 ప్రాంతంలో వేసిన శాసనం. దాని ప్రకారం వీరు సోమవంశపు పాండవ సంతతివారు, హస్తినాపురం విడిచి ఓరుగల్లుకు వచ్చారు. సూర్యవంశమన్న మోటుపల్లి శాసనానికి ఇది పూర్తిగా విరుద్ధం.

పైన వేసిన లెక్కనే ఇక్కడా వేయాలి. 380 ఏళ్ళకు ఈ శాసనం చూపే తరాలు ఎనిమిది, అంటే తరానికి దాదాపు 47 ఏళ్ళు. కాకతీయుల విషయంలో అంతరం ఎక్కువే అయినా నడుమ సమకాలీన శాసనాలు ఆదుకొన్నాయి. ఇక్కడ అటువంటి ఆసరా లేదు. కనుక ఇది తరువాతి కాలపు కూర్పు కావచ్చునని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఓరుగల్లు నుండి కొందరు అడవి దాటి వెళ్ళి ఉండవచ్చు. కాని అన్నమదేవుడు ప్రతాపరుద్రునికి తోడబుట్టినవాడన్న మాట రుజువైనదిగా వ్రాయడం సరికాదు.

ఈ శాఖలో కూడా వారసత్వం ఒకసారి కుమార్తెకు వచ్చింది. రుద్రప్రతాప్ దేవ్ తరువాత ఆయన కుమార్తె ప్రఫుల్లకుమారీ దేవి 1922లో గద్దెనెక్కి 1936లో మరణించింది. భర్త మయూర్‌భంజ్ కుటుంబీకుడు కావడంతో కుమారుడు ప్రవీర్‌చంద్ర పేరు చివర భంజ్‌దేవ్ అని చేరింది. ప్రవీర్‌చంద్ర 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులలో మరణించాడు.